మట్టి పట్టిన సింకు

ఇది నాలుగో కాలేజీ.
ఒహాయోలో, మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య
ఒక గడియారపు గోపురం, మూడు వీధులు, ఒకే ఒక్క సిగ్నల్ లైటు.
కారు దిగగానే తన్మయి గాలి పీల్చి చూసింది,
కూరలో ఉప్పు చూసినట్టు.

మొదటి కాలేజీలో గ్యాలరీ అద్దంలా ఉంది.
స్టూడియో నేల కూడా.
నేను మెచ్చుకున్నాను. అది పెదవి విరిచింది.
"ఇక్కడ ఎవరూ ఏమీ ఒలకబోసినట్టు లేరు నాన్నా."
రెండో చోట బొమ్మలవాళ్లకి బొమ్మలే, లెక్కలవాళ్లకి లెక్కలే,
మధ్య తలుపుకి కార్డు గీస్తే తప్ప తెరుచుకోని తాళం.
మూడో చోట
భోజనం బాగుంది.

నాకీ ఎంపిక చేతకాదు.
నేను పళ్లు చేస్తాను.
కొలంబస్‌లో ఒక మాల్ వెనక, కిటికీ లేని ల్యాబులో,
ముక్కూ మొహం తెలియనివాళ్ల నోళ్లలోకి వెళ్లే పింగాణీ పళ్లు.
ఇరవై రెండేళ్లుగా, సన్నని కుంచెతో, పొర మీద పొర.
తెలుపులో పదహారు తెలుపులుంటాయి నా పట్టీలో.
లిబరల్ ఆర్ట్స్ అంటే ఏమిటో మాత్రం తెలీదు.
"అన్నీ కాస్త కాస్తా?" అన్నాడు పక్క బల్ల డెస్మండ్.
"కాదంకుల్," అంది తన్మయి ఫోన్లోంచి,
"ఒకటి పట్టుకున్నందుకు ఇంకోటి వదలక్కర్లేకపోవడం."
దానికి రసాయనశాస్త్రం కావాలి, పాత గ్రీకు నాటకాలు కావాలి,
మట్టి కావాలి.
ఏది ముందంటే చెప్పదు.
ఏది మానేస్తావంటే గది తలుపేసుకుంటుంది.

ఆకుపచ్చ జుట్టమ్మాయి మారెన్
మాకేసి తిరిగి, వెనక్కి నడుస్తూ అన్నీ చూపిస్తోంది.
ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, అడిగారొకరు.
స్కాలర్‌షిప్ ఎంత, అడిగాను నేను.
మంచు ఎంత, అడిగింది టెక్సస్ నుంచి వచ్చినావిడ.
తన్మయి ఒక్కటే అడిగింది:
"ఆర్ట్ మేజర్ కానివాళ్లకి, రాత్రి పన్నెండు దాటాక,
కొలిమి గది తాళంచెవి ఇస్తారా?"

మారెన్ ఆగింది.
ఆ పొద్దు మొదటిసారి అటు తిరిగి ముందుకి నడిచింది.
"రండి."

నేలమాళిగ. మెట్లమీదే మట్టి అడుగులు.
అసలు రంగేమిటో ఎవరికీ గుర్తులేని సింకు.
గోడ మీద పెన్సిల్ రాత:
"రేపు ఆంత్రోపాలజీ పరీక్ష, దయచేసి నా గిన్నెలు కదపొద్దు."
ఒక అలమార నిండా పగిలినవే,
ఒక్కోదాని కింద పగిలిన తేదీ.
తన్మయి సింకు దగ్గరే నిలబడిపోయింది.

కొలిమి చూసుకునే రస్ పెట్రిక్‌ని
నోరు జారి అడిగేశాను:
"చల్లార్చడానికి ఎంతసేపు? నెర్రెలు గ్లేజులోనా, ఒంట్లోనా?"
ఆయన నా మొహం కాదు, చేతులు చూశాడు.
"ఏం చేస్తారు?"
"పళ్లు."
నవ్వలేదు. "ఎంత వేడి?"
"తొమ్మిది వందలు, సెల్సియస్‌లో."
"మాది పదమూడు వందలు," అన్నాడు, కాస్త గొప్పగా.
ఇద్దరం కొత్త వియ్యంకుల్లా ఆ కొలిమి చుట్టూ రెండుసార్లు తిరిగాం.
తన్మయి నన్ను ఎవరినో చూసినట్టు చూసింది.
నేనెప్పుడూ దాన్ని ల్యాబుకి తీసుకెళ్లలేదు.
చూడ్డానికేముంది అక్కడ, అనుకున్నాను.

తిరుగుదారిలో, ఆ ఒక్క సిగ్నల్ దగ్గర, సామెత చెప్పాను:
కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు.
అర్థం విడమరిచాను. గుదియ అంటే దుడ్డుకర్ర అని కూడా.
జాగ్రత్త చెబుతున్నాననుకున్నాను.
కాసేపు ఆలోచించింది.
"అయితే ఆ ఏడు ఎక్కడ గడపాలన్నదే కదా నాన్నా, మన ప్రశ్న."

పచ్చ లైటు పడింది. వెనక ట్రక్కువాడు హారన్ కొట్టాడు.
ఏడాది ఫీజుకి ఎన్ని పళ్లు?
డెబ్భయ్యో మైలు దాకా లెక్కేశాను, తేలలేదు.
అది నిద్రపోయింది.
సీటు అంచున దాని చేతిముద్ర, ఎండిన మట్టి,
తెలుపే, తెలుపులాంటిదే.
లైటు వేసి చూశాను.
నా పదహారింటిలో లేదు.